రిపోర్టులన్నీ నార్మల్

రోగిని నేల మీద వెల్లకిలా పడుకోమంటారు. చేతులు ఆనించకుండా లేచి కూర్చోమంటారు. తర్వాత గొంతుక్కూర్చుని, దేన్నీ పట్టుకోకుండా పైకి లేవమంటారు. తేలిగ్గా లేస్తే 3 మార్కులు. లేచినా కష్టపడుతున్నట్టు తెలిసిపోతుంటే 2. చేతులు ఊనితే తప్ప లేవలేకపోతే 1. అప్పటికీ లేవలేకపోతే సున్నా. పరీక్ష అంతే. మిషను అక్కర్లేదు, ల్యాబ్ అక్కర్లేదు, రోగికి రూపాయి ఖర్చు లేదు. బ్రిటన్‌లో సైకియాట్రీ చదువుకుంటున్న జూనియర్ డాక్టర్లకు ఈటింగ్ డిజార్డర్ల పాఠంలో నేర్పే పరీక్షల్లో ఇదొకటి. సిట్ అప్, స్క్వాట్, స్టాండ్ అనే మూడు పనుల మీద దీనికి సస్ టెస్ట్ అని పేరు.

మానసిక వైద్యం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు ఈ గుంజీల గోల ఏమిటన్న అనుమానం రావడం సహజం. తిండి చాలని శరీరం ముందు కొవ్వు కరిగించుకుంటుంది, ఆ తర్వాత కండ మీద పడుతుంది. తొడల్లో, తుంటి దగ్గర, నడుములో ఉండే పెద్ద కండరాలు నీరసించి మనిషి నేల మీంచి లేవలేని స్థితి వస్తుంది. గుండె కూడా కండరమే కాబట్టి అదీ చిక్కిపోతుంది. గొంతుక్కూర్చుని లేవలేని పదిహేడేళ్ల పిల్ల ఆ రాత్రి వార్డులో ఉండాలా, ఇంటికి పోవచ్చా అన్నది నిర్ణయించేటప్పుడు ఈ సున్నా, ఒకటి మార్కులకు చాలా బరువుంది.

ఎందుకంత బరువంటే, డాక్టర్లు మామూలుగా నమ్ముకునే రక్తపరీక్షలు ఇక్కడ నమ్మకంగా ఉండవు. తిండి మానేసి చిక్కిపోయే అనొరెక్సియాలో సోడియం, పొటాషియం, ప్రోటీన్లు, చివరికి ఆల్బుమిన్ కూడా చాలాకాలం హద్దుల్లోనే కనిపిస్తాయి. జీతం ఆగిపోయిన ఇంట్లో ఒక్కో నగా తాకట్టు పెడుతూ, నలుగురికీ తెలియకుండా పండగలు మామూలుగానే చేసుకుంటున్నట్టు, శరీరం కణాల్లోపలి నిల్వలు ఖాళీ చేసుకుంటూ రక్తంలో లెక్క సరిగ్గా చూపిస్తుంది. రిపోర్టు మీద ఒక్క ఎర్రగీత కూడా పడదు. 'అన్నీ నార్మల్‌గానే ఉన్నాయమ్మా, కాస్త బాగా తిను' అని డ్యూటీ డాక్టరు పంపించేస్తాడు. అమ్మాయికి కావలసిందీ అదే మాట. తనకేం జబ్బు లేదని డాక్టరే చెప్పాడు కదా.

నాడి సంగతీ అంతే. నిమిషానికి 42 సార్లు కొట్టుకుంటోందంటే ఈసీజీ చూసిన కొత్త డాక్టరు 'రోజూ పరిగెడుతుందట, అథ్లెట్ల గుండె ఇలాగే ఉంటుంది' అనుకునే ప్రమాదం ఉంది. ఆమె నిజంగానే రోజూ పరిగెడుతుంది కూడా, జబ్బులో అదొక భాగం. తేడా పట్టుకోవాలంటే ఆమెను లేచి గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడవమని మళ్లీ నాడి చూడాలి. నిజమైన అథ్లెట్‌కి నాలుగడుగులకు నాడి పెద్దగా కదలదు. ఆకలితో ఎండిన గుండె మాత్రం ఆ కాస్త పనికే దడదడలాడుతుంది. పుస్తకంలో ఒక వాక్యంగా చదివితే ఇది నిలవదు. మంచం పక్కన నిలబడి ఒక్కసారి చూస్తే మరిచిపోరు.

2011లో 36 అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన ఒక విశ్లేషణ వచ్చింది. అదే వయసు మామూలు జనంతో పోలిస్తే అనొరెక్సియా ఉన్నవాళ్లలో మరణాలు దాదాపు ఆరు రెట్లని తేలింది. చనిపోయినవాళ్లలో ఐదుగురికి ఒకరు ఆత్మహత్య చేసుకున్నవారే. మనసు జబ్బుల్లో ఇంతగా ప్రాణం మీదికి తెచ్చేవి తక్కువ. అయినా వైద్యవిద్యలో దీనికి దక్కిన చోటు ఎంతో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆగ్నెస్ ఐటన్, అలీ ఇబ్రహీం అనే ఇద్దరు బ్రిటిష్ సైకియాట్రిస్టులు అక్కడి మెడికల్ కాలేజీలను ఆరా తీసి 2018లో ఫలితాలు ప్రచురించారు. డాక్టరీ చదువు మొత్తంలో ఈటింగ్ డిజార్డర్లకు కేటాయించిన సమయం సగటున రెండు గంటలలోపే. ఐదింట ఒక కాలేజీలో అదీ లేదు.

ఆ లెక్క తీయడం వెనక ఒక చావు ఉంది. ఏవరిల్ హార్ట్‌కు 19 ఏళ్లు. 2012లో ప్రత్యేక వార్డు నుంచి డిశ్చార్జి అయి, నారిచ్‌లో యూనివర్సిటీలో చేరింది. అక్కడ ఆమె బాగోగులు చూసే పని అనొరెక్సియా రోగుల్ని చూసిన అనుభవం లేని ఒక ట్రైనీ సైకాలజిస్టుకు అప్పగించారు. వారం వారం బరువు తగ్గుతూ వచ్చింది. డిసెంబరు 7న హాస్టల్ గదిలో పడిపోయి ఉన్న ఆమెను గది శుభ్రం చేయడానికి వచ్చినామె చూసింది. 15న ఆమె చనిపోయింది. తండ్రి ఏళ్ల తరబడి ఫిర్యాదులతో తిరిగాక, 2017లో పార్లమెంటరీ అంబుడ్స్‌మన్ 'అలారాలు మోగుతున్నా పట్టించుకోలేదు' అన్న అర్థం వచ్చే పేరుతో నివేదిక ఇచ్చాడు. జూనియర్ డాక్టర్లందరికీ ఈ జబ్బులపై ఇస్తున్న శిక్షణను జనరల్ మెడికల్ కౌన్సిల్ సమీక్షించాలన్నది అందులోని సిఫార్సుల్లో ఒకటి. 2020లో విచారణ జరిపిన కరోనర్ కూడా ఆ మరణం తప్పించగలిగినదే అన్నాడు, నిర్లక్ష్యం దానికి తోడయిందన్నాడు.

ఆ నివేదిక చదువుతుంటే పెద్ద పెద్ద కుట్రలేమీ కనిపించవు. బరువు చూడాల్సిన రోజు చూడలేదు. ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పలేదు. వారాంతంలో వచ్చిన రోగిని నిపుణుడు చూడటానికి సోమవారం దాకా ఆగారు. ఎవరికివారు తమ పని సరిగ్గానే చేశామనుకున్నారు. తెలియనితనం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, దానికి తన సంగతి తనకే తెలియదు.

బ్రిటన్‌లో సైకియాట్రిస్టుల రాయల్ కాలేజీ 2010లోనే మార్సిపాన్ పేరుతో ఒక మార్గదర్శిని వెలువరించింది. 2022 మేలో దాన్ని తిరగరాసి మీడ్ అని కొత్త పుస్తకం తెచ్చింది. ట్రాఫిక్ సిగ్నల్ రంగుల్లో ప్రమాదాన్ని విడగొట్టిన పట్టిక దానికి గుండెకాయ. నాడి 40 కన్నా తక్కువైతే ఎరుపు. ఒంటి వేడి 35.5 డిగ్రీల సెల్సియస్ లోపుంటే ఎరుపు. పెద్దవాళ్లలో బీఎంఐ 13 కన్నా తక్కువైతే ఎరుపు. ఇప్పటికే చిక్కిన మనిషి వరసగా రెండు వారాలు వారానికో కిలో చొప్పున తగ్గినా ఎరుపే. సస్ టెస్టులో సున్నా, ఒకటీ కూడా ఎరుపే. రాత్రి రెండింటికి ఒంటరిగా డ్యూటీలో ఉన్న ఇరవై ఆరేళ్ల డాక్టరుకు ఇలాంటి పట్టిక గోడ మీద ఉండటం చాలా ధైర్యం. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో, సైకియాట్రీ విభాగాల్లో భారత్ నుంచి వెళ్లిన డాక్టర్లు చాలామంది ఉన్నారు, అందులో మనవాళ్లూ ఉన్నారు. గుంటూరులోనో, వరంగల్‌లోనో ఎంబీబీఎస్ చదివి, ఒక్క అనొరెక్సియా కేసు కూడా చూడకుండా విమానమెక్కిన డాక్టరు మొదటిసారి ఈ పట్టికను చూసేది అక్కడే కావచ్చు.

అయితే పట్టిక పనికొచ్చేది జబ్బు ఉందని అనుమానం వచ్చాకే. ఆ అనుమానం రావడమే కష్టం. దిగులుతో ఉన్నవాళ్లు దిగులుగా ఉందంటారు, నిద్రపట్టనివాళ్లు నిద్ర పట్టట్లేదంటారు. అనొరెక్సియా ఉన్న అమ్మాయి మాత్రం ఏ బాధా చెప్పదు. జబ్బు తనను కాపాడుతున్న చుట్టమనే అనుకుంటుంది. అందుకే ఆమె సైకియాట్రీ ఓపీకి తనంతట తాను రాదు. మన దగ్గరైతే ముందు నెలసరి ఆగిందని గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తారు. కడుపు ఉబ్బరమంటే గ్యాస్ట్రో డాక్టరు ఎండోస్కోపీ చేస్తాడు. ఉబ్బరం అబద్ధం కాదు, సరిగ్గా తినక పొట్ట ఖాళీ అయ్యే వేగం నిజంగానే మందగిస్తుంది. బరువు తగ్గిందంటే మన దేశంలో టీబీ వెతకాల్సిందే, థైరాయిడ్ చూడాల్సిందే. ఇవన్నీ అవసరమైన పరీక్షలే. అన్నీ అయిపోయి, ఏమీ లేదని తేలాక, 'మీ అమ్మాయికి మనసులో ఏదో ఉంది' అని ఎవరో చీటీ రాస్తారు. అప్పటికి ఏడాది గడిచిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లో అనొరెక్సియాకు ముఖ్య లక్షణం లావైపోతానన్న భయం. 1990ల మొదట్లో హాంకాంగ్‌లో సింగ్ లీ అనే సైకియాట్రిస్టు తన దగ్గరికొచ్చిన 70 మంది చైనీస్ రోగులను పరిశీలిస్తే, 41 మందికి ఆ భయమే లేదు. ఆకలి లేదు, తింటే కడుపు నిండిపోయినట్టుంటుంది, తినబుద్ధి కావట్లేదు అన్నవే వాళ్లు చెప్పిన కారణాలు. బరువు మాత్రం అలాగే పడిపోయింది. లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆస్పత్రి నుంచి 1999లో వచ్చిన స్కాఫ్ అనే ఐదు ప్రశ్నల పరీక్ష చాలా తేలికైనది, రెంటికి అవునంటే అనుమానించమంటుంది. కానీ అందులో లావుగా ఉన్నానన్న నమ్మకం గురించి ఓ ప్రశ్న ఉంది, కడుపు మరీ నిండిపోయి ఇబ్బందిగా ఉందని వాంతి చేసుకోవడం గురించి ఇంకోటి ఉంది. కడుపు ఉబ్బరమని తిండి మానేసిన మన అమ్మాయి ఈ రెంటికీ కాదనేస్తుంది. బెంగళూరులో సైకియాట్రిస్టులను అడిగి 2012లో ప్రచురించిన సర్వేలో సుమారు మూడింట రెండు వంతుల మంది తమ వృత్తిజీవితంలో కనీసం ఒక్క ఈటింగ్ డిజార్డర్ కేసయినా చూశామన్నారు. అంటే మూడో వంతు మంది ఒక్కటీ చూడలేదు. లేవు కాబట్టి చూడలేదా, గుర్తుపట్టక చూడలేదా అన్నదే ప్రశ్న. రెండోదానికే నా ఓటు.

అందుకే శిక్షణలో మొదటి భాగం అడగడం నేర్చుకోవడం. రాయల్ కాలేజీ సభ్యత్వ పరీక్షలో చివరి మెట్టుకు కాస్క్ అని పేరు. 16 గదులు, ఒక్కో గదిలో 7 నిమిషాలు. తలుపు బయట కాగితం చదువుకోవడానికి 90 సెకన్లు. లోపల రోగిగా, రోగి తల్లిగా శిక్షణ పొందిన నటులు కూర్చుని ఉంటారు. ఈటింగ్ డిజార్డర్ గదిలో ఓడిపోయే అభ్యర్థులు ఎక్కువగా చేసేది ఒకటే, జాబితా చదవడం. 'బరువెంత? వాంతులవుతాయా? భేదిమందు వాడతారా? వ్యాయామం ఎంతసేపు?' అవతల కూర్చున్న నటి ప్రతిదానికీ 'లేదండీ' అంటుంది, ఏడు నిమిషాలు అయిపోతాయి. ఆమెకు అలా అనమనే శిక్షణ ఇచ్చారు, ఎందుకంటే నిజమైన రోగులూ అలాగే అంటారు.

ఇదే ఓపీలో తెలుగులో జరిగితే ఎలా ఉంటుంది? 'ఏమ్మా, ఇలా చిక్కిపోయావేంటి?' అన్నామనుకోండి, మనకది జాలి, ఆమెకది ప్రశంస. 'ఎందుకు తినట్లేదు?' అంటే ఆరోపణ, ఇంట్లో రోజూ వినేదే. అనుభవమున్న డాక్టరు చుట్టూ తిరిగి వస్తాడు. 'నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం నోట్లో పడిందో వరసగా చెప్పు, టీ నీళ్లతో సహా.' 'పెళ్లి భోజనానికి వెళ్లాల్సొస్తే ఎన్ని రోజుల ముందు నుంచి ఆలోచన మొదలవుతుంది?' 'బువ్వ, కూర, పెరుగు, వీటిలో ఏది పూర్తిగా మానేశావు, ఎప్పటి నుంచి?' వాంతి గురించి అడిగేటప్పుడు ముందు దారి వేస్తాడు. 'కొంతమందికి తిన్నాక భయమేస్తుంది, బాత్‌రూమ్‌కి వెళ్లి కక్కేస్తారు, చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. నీకెప్పుడైనా అలా అయిందా?' ఈ ప్రశ్నకు వెంటనే జవాబు రాకపోయినా, కాస్త మౌనం వచ్చినా పనికొస్తుంది.

ఉపవాసాల విషయంలో మన జూనియర్లకు ప్రత్యేకంగా నేర్పాల్సినది ఉంది. శనివారం ఒంటిపొద్దు, కార్తీక సోమవారం, ఏకాదశి మన ఇళ్లలో అనుమానించాల్సినవి కావు, అనుమానిస్తే తల్లి కూడా డాక్టరు మీద కోపగించుకుంటుంది. చూడాల్సింది ఉపవాసం ఎలా ముగిసిందన్నది. నక్షత్రం చూసి పులిహోర, గారెలు తిన్న పిల్ల గురించి దిగులు లేదు. వ్రతాల సంఖ్య నెలనెలా పెరుగుతూ, ప్రసాదం చేతిలో తీసుకుని పక్కన పెట్టేస్తూ, దేవుడి పేరు చెప్పి భోజనాల బల్ల దగ్గర్నుంచి తప్పించుకుంటుంటే మాత్రం అడగాలి.

కళ్లతో చూసి తెలుసుకునేవి కొన్ని. ఎండాకాలంలోనూ ఫుల్ చేతుల చొక్కా, చలి. చేతుల మీద, వీపు మీద సన్నటి నూగు. అతిగా తిని కక్కేసే బులీమియాలో వాంతి చేసుకోవడానికి వేలు గొంతులో పెట్టుకోవడం వల్ల కణుపుల మీద దంతాలు తగిలి ఏర్పడే కాయలు. 1979లో ఆ జబ్బుకు పేరుపెట్టిన జెరాల్డ్ రసెల్ పేరుతోనే దాన్ని రసెల్ గుర్తు అంటారు. చెవుల కింద లాలాజల గ్రంథులు ఉబ్బి బుగ్గలు నిండుగా కనపడతాయి, 'ఈ పిల్లకేం, బాగానే ఉంది' అనుకునేలా. బులీమియాలో బరువు మామూలుగానే ఉంటుంది, పొటాషియం మాత్రం ప్రమాదకరంగా పడిపోవచ్చు. బాగా లావుగా ఉండి, తిండి మానేసి ఆర్నెల్లలో పాతిక కిలోలు తగ్గినవాళ్లను అందరూ అభినందిస్తుంటారు. బీఎంఐ ఇంకా 24 ఉండొచ్చు, కానీ నాడి, బీపీ అనొరెక్సియా రోగిలాగే ఉంటాయి. సన్నగా ఉంటేనే ఈ జబ్బన్న నమ్మకం జూనియర్ల బుర్రలోంచి తీసేయడానికి సీనియర్లు చాలా కష్టపడాలి.

ఇక వైద్యం. మొదటి మందు తిండే అంటే సైకియాట్రీ విద్యార్థులకు ఎందుకో చిన్నతనంగా ఉంటుంది. మనసులో ముడి విప్పితే తిండి అదే వస్తుందని వాళ్ల ఆశ. దానికి సమాధానం రెండో ప్రపంచయుద్ధం చివర్లో మినెసోటా యూనివర్సిటీలో జరిగిన ప్రయోగంలో ఉంది. యుద్ధంలో పాల్గొనడానికి మనస్సాక్షి ఒప్పని 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. యాన్సెల్ కీస్ వాళ్లకు 24 వారాలపాటు సగం తిండి పెట్టాడు, రోజుకు సుమారు 1570 కెలోరీలు. బరువు నాలుగోవంతు పోయింది, నాడి నిమిషానికి 35 దరిదాపులకు దిగింది. శరీరం సంగతి ఊహించినదే. మనసుల్లో వచ్చిన మార్పును ఎవరూ ఊహించలేదు. అంతకుముందు తిండి మీద ధ్యాసే లేనివాళ్లు వంటల పుస్తకాలు పోగుచేశారు. ప్లేటులో ఉన్నదాన్ని రెండు గంటలు సాగదీసి తిన్నారు. మనుషులతో కలవడం మానేశారు, దిగులుపడ్డారు, ఒకతనైతే గొడ్డలితో చేతివేళ్లు నరుక్కున్నాడు. తాము చిక్కామని కాక, అవతలివాళ్లే లావుగా ఉన్నారనిపించసాగింది. వీళ్లలో ఎవరికీ అనొరెక్సియా లేదు. వాళ్లను అలా మార్చింది ఆకలే.

దీన్నుంచి ట్రైనీ నేర్చుకోవాల్సింది స్పష్టం. అర్ధాకలితో ఉన్న అమ్మాయిని చూసి 'మొండి, పట్టుదల మనిషి, ఒంటరితనం ఇష్టపడే స్వభావం' అని కేస్ షీట్‌లో రాయకూడదు. ఏది ఆమె స్వభావం, ఏది ఆకలి చేసిన పని అన్నది బరువు కొంత తిరిగొచ్చాకే తెలుస్తుంది. అప్పటిదాకా ఎంత లోతుగా మాట్లాడినా ఆ మెదడు అందుకునే స్థితిలో ఉండదు.

తిండి పెట్టడంలోనూ ప్రాణాపాయం ఉంది. మన ఆస్పత్రుల్లో నీరసంగా ఉన్న మనిషిని చూడగానే బంధువుల నోట వచ్చే మొదటి మాట 'ముందు ఓ గ్లూకోజ్ బాటిల్ ఎక్కించండి డాక్టరు గారూ' అని. నెలల తరబడి తినని రోగికి అది ముప్పు తేవచ్చు. ఆకలిలో శరీరం కొవ్వు మీద బతుకుతుంది, ఇన్సులిన్ అట్టడుగున ఉంటుంది. చక్కెర ఒక్కసారి రక్తంలో చేరగానే ఇన్సులిన్ లేస్తుంది. చక్కెరతోపాటు ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి లాగేస్తుంది. నిల్వలు ముందే అడుగంటాయి కాబట్టి రక్తంలో ఫాస్ఫేటు కుప్పకూలుతుంది. ఫాస్ఫేటు లేకపోతే కణాలకు శక్తినిచ్చే ఏటీపీ తయారవదు. గుండె లయ తప్పుతుంది, ఊపిరి తీసే కండరాలు అలసిపోతాయి. పిండిపదార్థాన్ని వాడుకోవడానికి కావలసిన థయమిన్ కూడా అయిపోయి ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడే దెబ్బతినొచ్చు. అందుకే ముందు థయమిన్, తర్వాత తిండి, మొదటి కొన్ని రోజులు రోజూ రక్తపరీక్ష. మామూలుగా రాసే ఎలక్ట్రోలైట్స్ పరీక్షలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ వస్తాయి. ఫాస్ఫేటు కావాలని వేరుగా రాయాలి. ఆ ఒక్క పదం రాయాలన్న సంగతి తెలియని డ్యూటీ డాక్టరు ఉన్న వార్డులో రోగి 'తింటోంది, కోలుకుంటోంది' అనుకుంటుండగానే చనిపోగలదు.

ఈ భయం నేర్పితే ఇంకో తప్పు మొదలవుతుంది. భయపడిన జూనియర్ రోజుకు 500, 600 కెలోరీలతో మొదలుపెట్టి నాన్చుతాడు, రోగి ఆస్పత్రిలోనే ఇంకా చిక్కుతుంది. అమెరికాలో 12 నుంచి 24 ఏళ్ల రోగులతో జరిపి 2020లో ప్రచురించిన ఒక ప్రయోగంలో సగం మందికి రోజుకు 1400 కెలోరీలతో, మిగతావారికి 2000తో మొదలుపెట్టారు. రెండో గుంపువాళ్ల ఆరోగ్యం మూడు రోజులు ముందుగా నిలకడకొచ్చింది, లవణాల తేడాలు మాత్రం ఎక్కువ కాలేదు. అయితే బీఎంఐ మరీ పడిపోయినవాళ్లకు ఈ లెక్క యథాతథంగా పెట్టకూడదు. ఎవరికి ఏది అన్న తూకం ఫిజీషియన్‌తో, డైటీషియన్‌తో పక్కపక్కన నిలబడి నేర్చుకోవాలి. పుస్తకం సగం దారే తీసుకెళ్తుంది.

కుటుంబం విషయంలో వైద్యం వందేళ్లలో అటునుంచి ఇటు తిరిగింది. 1870ల్లో ఈ జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అని పేరుపెట్టిన విలియం గల్, రోగిని చూసుకోవడానికి బంధుమిత్రులంత పనికిరానివాళ్లు లేరన్నాడు. లండన్‌లోని మాడ్స్‌లీ ఆస్పత్రి బృందం 1987లో 80 మందితో చేసిన అధ్యయనం ఆ మాటను తిరగేసింది. 18 ఏళ్లలోపు మొదలై, మూడేళ్లు నిండని అనొరెక్సియాలో తల్లిదండ్రుల చేతికే పగ్గాలు ఇచ్చి చేసిన చికిత్స బాగా పనిచేసింది. ఇప్పుడు పిల్లల విషయంలో మొదట సూచించేది అదే. తల్లిదండ్రులను నిందించరు, జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని తవ్వరు. 'ఏం తినాలో, ఎంత తినాలో కొన్నాళ్లు మీరే నిర్ణయించండి' అంటారు. పిల్లలకు ముద్దలు కలిపి పెట్టే అలవాటున్న మన ఇళ్లకు ఇది సరిపోయేలాగే కనిపిస్తుంది. కాకపోతే ఒక పక్క అమ్మ ముద్ద పెడుతుంటే, ఇంకో పక్క నాన్నమ్మ 'పోన్లే పాపం, బలవంతపెట్టకు' అంటుంది. నాన్న విసుగొచ్చి కేకలేస్తాడు. ఇంటిల్లిపాదినీ ఒకే మాట మీదికి తేవడం జూనియర్ నేర్చుకోవాల్సిన పని. ఆ అమ్మాయిని తిట్టకుండా, జబ్బును మాత్రం వదలకుండా ఉండటం ఇంకో పని.

పెద్దవాళ్లకు ఎక్కువగా వాడేది ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. బరువు మరీ తక్కువ లేకపోతే 20 సిటింగులు, తక్కువుంటే 40. మందుల పాత్ర చిన్నది. బులీమియాకు ఫ్లూవాక్సెటిన్ రోజుకు 60 మిల్లీగ్రాములు, డిప్రెషన్‌కు ఇచ్చే మామూలు డోసుకు మూడింతలు. బ్యుప్రోపియాన్ మాత్రం బులీమియాలో ఫిట్స్ తెప్పించగలదు, రాయకూడదు. దీన్ని ఎంసీక్యూగా ఎన్నిసార్లు చదివినా వార్డులో మరిచిపోతారు.

థెరపీలో అన్నిటికన్నా నేర్పడం కష్టమైనది రోగిని తూకం వేయడం. ప్రతివారం ఎదురుగా తూచి, అంకె ఆమెకు చూపించి, దాని మీద మాట్లాడాలి. ఆమె ఏడుస్తుంది, కోపగించుకుంటుంది, 'ఈ వారం వద్దు డాక్టర్' అంటుంది. జాలిపడి వదిలేసిన డాక్టరు తను మంచిపని చేశానని అనుకుంటాడు. గ్లెన్ వాలర్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు దీన్ని థెరపిస్టు దారి తప్పడం అన్నాడు. పద్ధతి తెలిసీ, తమ సొంత భయాన్ని తగ్గించుకోవడానికి థెరపిస్టులు కష్టమైన పనులు వదిలేసి తేలికైన కబుర్లలోకి జారిపోతారని చూపించాడు. ఇందులోనూ గారడీలుంటాయి. తూకానికి ముందు లీటర్లకొద్దీ నీళ్లు తాగి వస్తారు, జేబుల్లో, లోదుస్తుల్లో బరువులు పెట్టుకుంటారు. మూత్రం చిక్కదనం చూస్తే నీళ్ల సంగతి తెలుస్తుంది. దొరికిన రోగిని దొంగలా చూడటం మొదలైతే చికిత్స అక్కడితో సరి. ఇది జబ్బు ఆడించిన ఆట అని గుర్తుంచుకుని మళ్లీ మామూలుగా కూర్చోవడం ట్రైనీలకు కష్టం, సీనియర్లకూ కష్టమే. వార్డులో బరువు కాస్త పెరిగిన అమ్మాయితో నర్సు ప్రేమగా 'ఒళ్లు చేశావు, మొహంలో కళొచ్చింది' అంటే, మర్నాడు పొద్దున ఇడ్లీ ప్లేటు అలాగే తిరిగొస్తుంది. నర్సులకు, ఆయాలకు, భోజనం తెచ్చే కుర్రాడికి కూడా ఒక పూట పాఠం చెప్పాలి.

ఒకవేళ రోగి ససేమిరా అంటే? బ్రిటన్‌లో 1983 మెంటల్ హెల్త్ యాక్ట్ కింద ట్యూబుతో తిండి పెట్టడం చికిత్స కిందే లెక్క. మన 2017 చట్టంలో 89వ సెక్షన్ కింద, రోగి తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద, ఇద్దరు విడివిడిగా పరీక్షించాక 30 రోజుల దాకా చేర్చుకోవచ్చు. మిగతా విషయాలన్నీ చక్కగా ఆలోచించి చెప్పే అమ్మాయికి తిండి, బరువు విషయంలో మాత్రం ఆ తూకం ఉండదు. ఆ తేడాను ఫైల్లో ఎలా రాయాలో పీజీకి సీనియర్ పక్కన కూర్చుని రాయించాలి.

ఎర్రగడ్డలోగానీ, విశాఖలోగానీ సైకియాట్రీ పీజీ మూడేళ్లలో రోజూ చూసేది స్కిజోఫ్రెనియా, బైపోలర్, మద్యం, డిప్రెషన్. ఈటింగ్ డిజార్డర్ కేసు వచ్చేదాకా కూర్చుంటే పట్టా చేతికొస్తుంది, కేసు రాదు. ఆన్‌లైన్ పాఠాలు కొంత లోటు తీరుస్తాయి. ఫెయిర్‌బర్న్ బృందం ఐర్లండ్ దేశమంతటా థెరపిస్టులకు ఇంటర్నెట్ ద్వారానే తమ పద్ధతి నేర్పి చూసింది, నైపుణ్యం పెరిగింది. కానీ గుర్తుపట్టడం నేర్పాలంటే పీజీని ఆ రోగులు ఇప్పుడు తిరుగుతున్న చోటికే పంపాలి. గ్యాస్ట్రో ఓపీలో రెండు వారాలు, నెలసరి ఆగిందని వచ్చే గైనిక్ ఓపీలో రెండు వారాలు, టైప్ 1 షుగర్ క్లినిక్‌లో రెండు వారాలు కూర్చోబెడితే చాలు. ఇన్సులిన్ మానేస్తే బరువు తగ్గుతుందని కనిపెట్టిన కౌమార వయసు పిల్లలు ఆ షుగర్ క్లినిక్‌లలో ఉంటారు. హెచ్‌బీఏ1సీ 12 దాటి, ఏడాదిలో మూడోసారి కీటోన్లతో అడ్మిట్ అయిన పిల్లను 'ఇంజెక్షన్ సరిగ్గా వేసుకోవట్లేదు, నిర్లక్ష్యం' అని తిట్టి డోసు పెంచి పంపేస్తుంటారు. తల్లిని ఓ ఐదు నిమిషాలు బయట కూర్చోమని, 'లావవుతానని డోసు తగ్గించుకున్న రోజులున్నాయా అమ్మా?' అని అడిగే పీజీ ఒకరు అక్కడ ఉండాలి.